పరుపుల మధ్య సందు

మా వార్డుకి వచ్చేవాళ్ళలో ఎవరూ పడదామని ఇంట్లోంచి బయల్దేరినవాళ్ళు కారు. పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగినవాళ్ళు, బాత్రూంలో సబ్బు అందుకోబోయినవాళ్ళు, పెళ్ళి బరాత్‌లో సరదాగా నాలుగు గెంతులు గెంతినవాళ్ళు. ఎముకల వార్డులో ఇన్నేళ్ళు నర్సుగా చేశాక నాకు లోకమంతా జారుడుబల్లలాగే కనిపిస్తుంది. తడి గచ్చు చూస్తే తుంటి ఎముక గుర్తొస్తుంది. స్కూటర్ వెనక ఒక పక్కకి కూర్చున్న ఆడమనిషిని చూస్తే మోకాలి చిప్ప గుర్తొస్తుంది. అలాంటి దాని కడుపున, ఎదురొచ్చిన ప్రతిదాన్నీ దూకే పిల్ల పుట్టింది. దేవుడికి హాస్యం తెలీదని ఎవరైనా అంటే వాళ్ళకి పిల్లలు లేరని అర్థం.

మాది భీమవరం వైపు. నర్సింగ్ చదివి, ఉద్యోగం వచ్చి, ఢిల్లీ చేరాను. మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. మయూర్ విహార్‌లో ఫ్లాటు. మా మెట్ల ముందు చిన్న పార్కు, పార్కు చుట్టూ నడుమెత్తు ఇనుప కంచె, కంచెకి ఒక మూల గేటు. మా అమ్మాయి చిన్నప్పుడు స్కూలు బస్సు దిగి, బ్యాగుతో సహా ఆ కంచె దూకి ఇంటికొచ్చేది. "చుట్టూ తిరిగొస్తే గేటుంది కదే" అని నేను బాల్కనీలోంచి అరిచేదాన్ని. "ఉధర్ సే టైమ్ లగ్తా హై మమ్మీ" అనేది, అటు తిరిగితే ఆలస్యమట. తెలుగులో తిడితే హిందీలో జవాబు. మా ఇంట్లో సంభాషణలన్నీ ఇప్పటికీ అలాగే నడుస్తాయి. ఆ కంచె దూకడం స్కూలు పీటీ టీచర్ కంట పడింది. అంతే, గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చారు. పిల్లని హర్డిల్స్‌లో, అదే అడ్డు కర్రలు దూకుతూ పరిగెత్తే పోటీల్లో, పెట్టారు.

మా ఆయన దేనికైనా ఒకటే మాట అంటాడు. "ఏం కాదులే." ఆయన ఆఫీసులో ఫైళ్ళకి ఏమీ కాదు, కదలవు కనక. పిల్లలు కదుల్తారు. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేకపోయాను.

మా అమ్మాయి పోటీలకి నేను వెళ్ళేదాన్ని గానీ చూసేదాన్ని కాదు. తుపాకీ పేలే ముందు బాత్రూంకి వెళ్ళి కూర్చునేదాన్ని. బయట చప్పట్లు ఆగాక వచ్చి "ఎన్నో స్థానం?" అని అడిగేదాన్ని. నాలాంటి తల్లి ఇంకొకతె కనబడుతుందేమోనని ఢిల్లీలో ఎన్నో స్టేడియాల బాత్రూంలలో వెతికాను. ఒక్కతీ కనబడలేదు.

ఆరుబయట పరుగులైతే ఒక ధైర్యం ఉండేది. గీత దాటాక ట్రాక్ ఇంకా ముందుకి ఉంటుంది. పరిగెత్తిన పిల్ల మెల్లగా వేగం తగ్గించుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక్కి తిరిగి వస్తుంది. అసలు భయం ఇండోర్ పోటీలతో మొదలైంది. పైకప్పు కింద అంత చోటుండదు. ఉన్న చోటులోనే తిన్నగా చిన్న ట్రాక్ వేస్తారు. అయిదు హర్డిల్స్ దూకి గీత దాటగానే, కాస్త దూరంలో గోడ. గోడకి మందపాటి పరుపులు ఆనించి ఉంటాయి. అమ్మాయిలు పూర్తి వేగంతో వెళ్ళి వాటిని గుద్దుకుని ఆగుతారు. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు.

"గోడకి గుద్దుకోవాలని రూలా?" అని అడిగాను.

మా అమ్మాయి నవ్వింది. "రూల్ నహీ మమ్మీ. బస్, జగహ్ నహీ హై."

చోటు లేదట. చోటు లేనప్పుడు పరిగెత్తడమెందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఇండోర్ స్టేడియం చూసి ఉండరు గానీ నా మనసు చూసినట్టే చెప్పారు.

కిందటేడు చలికాలంలో వేరే రాష్ట్రంలో సెలెక్షన్ పోటీ జరిగింది. పక్క లైన్లో పిల్ల మా అమ్మాయి కంటే రెప్పపాటు ముందు గీత దాటి పరుపుకి తగిలింది. ఆ దెబ్బకి పరుపు పక్కకి జరిగింది. రెండు పరుపుల మధ్య సందు పడింది. నా కూతురు చేతులు ముందుకి చాచి సరిగ్గా ఆ సందులోకి వెళ్ళింది. వెనక ఉన్నది సిమెంటు గోడ.

కోచ్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేను ప్లాస్టర్ రూంలో ఎవరో పెద్దాయన కాలి కట్టు కోయిస్తున్నాను. కోచ్ మేడమ్‌ది హర్యానా. ఒకప్పుడు తనూ హర్డిల్స్ పరిగెత్తింది. గొంతు పెద్దది, మైక్ లేకుండా గ్రౌండంతా వినిపిస్తుంది. ఆ గొంతు ఆ రోజు చిన్నగా వచ్చింది. అది విన్నప్పుడే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుడి మణికట్టు విరిగింది. మర్నాడు తీసుకొస్తే మా ఆస్పత్రిలోనే కట్టు వేయించాను. కట్టు వేస్తున్నంతసేపూ వేళ్ళు పైకెత్తి పట్టుకోవాలి. నా చేతుల్లో అలాంటి వేళ్ళు ఎన్ని వందలు నిలబడ్డాయో లెక్కలేదు. ఆ రోజు మాత్రం డాక్టరుగారు రెండుసార్లు, "సిస్టర్, ఆప్ బైఠ్ జాయియే" అన్నారు. మీరు కూర్చోండి అని.

ఎముక బాగానే అతుక్కుంది. ఎముకలు మంచివి, నిజాయితీగా పని చేసుకుపోతాయి. మనసు అలా కాదు. మా అమ్మాయి మళ్ళీ ట్రాక్ ఎక్కింది, మళ్ళీ దూకింది, అయిదో హర్డిల్ దాకా ఎప్పటిలాగే ఉంది. ఆ తర్వాతే తేడా. ఒకరోజు కోచ్ మేడమ్ మా ఇంటికొచ్చి, ఉప్మా తింటూ, ఫోన్‌లో వీడియో తీసి మాకు చూపించింది. చివరి హర్డిల్ దిగాక గీత ఇంకా రాకముందే మా అమ్మాయి ఛాతీ పైకి లేస్తోంది, అడుగులు చిన్నవవుతున్నాయి. వెనకున్న పిల్లలు ఇద్దరు ఆ రెండడుగుల్లోనే దాటి వెళ్ళిపోతున్నారు.

"బ్రేక్ మార్తీ హై. డర్ బైఠ్ గయా హై అందర్" అంది కోచ్ మేడమ్. బ్రేకు వేస్తోంది, లోపల భయం కూర్చుంది. అది లేవకపోతే ఈ పిల్ల పెద్ద పోటీలో మొదటి పరుగు కూడా దాటదు, అంతే సంగతి అని చెప్పింది. మా అమ్మాయి ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. మా ఆయన "ఏం కాదులే" అన్నాడు. నేను కోచ్ మేడమ్‌కి ఇంకాస్త ఉప్మా పెట్టాను. నాకెంత సంతోషంగా ఉందో ఎవరికీ కనబడకుండా చూసుకున్నాను.

అవును, సంతోషమే. నా కూతురు గోడ చూసి వేగం తగ్గిస్తోంది. ఏ తల్లికి చేదు? నిప్పు చూసి చెయ్యి వెనక్కి తీసుకునే పిల్లని చూసి, అయ్యో బుద్ధొచ్చిందే అని ఏడ్చే తల్లి ఉంటుందా?

అంతలోనే, ఆరుబయట పరుగుల్లో దాని టైములు చూసి, ఎంపిక వచ్చింది. విదేశంలో ఇండోర్ ఛాంపియన్‌షిప్, ఎన్నో దేశాల వాళ్ళు వస్తారు. మా అమ్మాయి పేరుంది. ఆ సాయంత్రం మా ఫ్లోరులో అందరికీ స్వీట్లు పంచింది మా ఆయనే. అందరూ కంగ్రాచులేషన్స్ చెబుతుంటే నవ్వీ నవ్వీ నాకు దవడలు నొప్పి పుట్టాయి. లోపల మాత్రం ఒకటే ఆలోచన. అక్కడి పరుపులు ఎవరు పెడతారు, సరిగ్గా పెడతారా?

మా చర్చి సంఘంలో నోయిడాలో ఉండే ఒక ఆంటీ ఉంది. నర్సాపురం మనిషి. అందరూ ఆంటీ అంటారు కాబట్టి నేనూ అంటాను గానీ నాకంటే రెండు మూడేళ్ళే పెద్ద. పెద్ద అపార్టుమెంటు సొసైటీలో ఉంటుంది. ఎవరింట్లో పరీక్షయినా, ఆపరేషనైనా, వీసా అయినా కుటుంబ ప్రార్థన తన ఇంట్లోనే పెట్టించాలని ఆమెకి పట్టుదల. మా అమ్మాయి కోసం కూడా ఒక శనివారం సాయంత్రం పెట్టించింది. పాస్టరు అయ్యగారు వచ్చారు, వాళ్ళావిడ అమ్మగారు వచ్చారు, పది పదిహేను మంది ఆడవాళ్ళం కింద చాపల మీద కూర్చున్నాం. పాటలయ్యాయి, బైబిలు వాక్యం అయ్యింది. తర్వాత ఏక ప్రార్థన.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఏక ప్రార్థన అంటే అందరూ ఒకేసారి, ఎవరి ప్రార్థన వాళ్ళు, పైకే చేసుకోవడం. ఒకరిది ఒకరు వినరు, వినకూడదు కూడా. గదంతా రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ హోరులో మనిషి ఎవరితోనూ చెప్పుకోలేనివి చెప్పుకోవచ్చు. మా అత్తగారి గురించీ, మా పాత సూపర్‌వైజర్ గురించీ నేను దేవుడికి ఏం విన్నవించానో ఆ గదుల్లో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. దేవుడికీ నాకూ మధ్య అంత పెద్ద చప్పుడు ఉండబట్టే నేను ఇన్నాళ్ళు మర్యాదగల మనిషిగా చలామణి అయ్యాను.

ఆ సాయంత్రం అందరూ మెడల్ అడిగారు. నోయిడా ఆంటీ అయితే బంగారమే కావాలని రెండు చేతులూ పైకెత్తి అడిగింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, ఏడాదిగా రోజూ ఏం అడుగుతున్నానో అదే అడిగాను. "ప్రభువా, దాన్ని మెల్లగా పరిగెత్తించు. ఆఖర్న వచ్చినా ఫర్వాలేదు తండ్రీ. గోడ దాకా పోనివ్వకు. ముందే ఆపు. ఒంటి మీద గీత పడకుండా నా ఇంటికి చేర్చు."

ఆమెన్ చెప్పి కళ్ళు తెరిచాను. పక్కనే కూర్చున్న మా అమ్మాయి నా వైపే చూస్తోంది. పిల్ల తెలుగు మాట్లాడదు గానీ ఒక్క ముక్క పొల్లు పోకుండా అర్థం చేసుకుంటుంది. ఆ సంగతి నేను ఎందుకు మరిచిపోయానో తెలియదు.

టీ తాగి బయల్దేరాం. ఇంటికి మెట్రోలో వస్తున్నాం. శనివారం కాబట్టి సీట్లు దొరికాయి. యమున దాటక ముందే మా స్టేషన్. అంత కొద్ది దూరంలో ఏం గొడవపడతాంలే అనుకున్నాను.

"సబ్ లోగ్ మేరే లియే మాంగ్ రహే థే" అంది. అందరూ నా కోసం అడిగారు అని. "ఆప్ మేరే ఖిలాఫ్ మాంగ్ రహీ థీ." నువ్వు నాకు వ్యతిరేకంగా అడిగావు అని.

"ఖిలాఫ్ ఏంటే? కన్నతల్లిని పట్టుకుని అనే మాటేనా అది? నీ చెయ్యి విరిగితే ఎవరి చెయ్యి పట్టుకుని కూర్చున్నావో గుర్తుందా?" నా గొంతు లేచింది. ఎదురు సీటులో ఇద్దరు ఫోన్‌లోంచి తల ఎత్తారు.

అది తగ్గలేదు గానీ గొంతు తగ్గించింది. "కబ్ సే?" అంది. ఎప్పటి నుంచి?

నేను అబద్ధం ఆడొచ్చు. ఇవాళే అనొచ్చు. "కట్టు వేసిన రోజు నుంచి" అన్నాను.

అప్పుడు దాని మొహం మారింది. కోపం పోయింది. దాని బదులు భయం వచ్చింది. నన్ను చూసి భయపడుతోంది. "తో ఇసీ లియే" అంది మెల్లగా. "ఇసీ లియే రుక్ జాతీ హూఁ మై."

అందుకా. అందుకే నేను ఆగిపోతున్నాను.

కాళ్ళలో ఏ లోపమూ లేదట. డాక్టరు చెప్పాడు, ఫిజియో చెప్పాడు. తను ఆగాలనుకోవడం లేదట. అయిదో హర్డిల్ దిగగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఉంటుందట. ఏడాదిగా అది ఏమిటో తెలియక చస్తోందట. ఇప్పుడు తెలిసింది. మమ్మీ అడిగింది, దేవుడు ఇచ్చాడు.

ఇంకెవరైనా అయితే నవ్వేసేవాళ్ళు. నేను నవ్వలేదు. నా కూతుర్ని నేనే అలా పెంచాను. అడిగితే ఇస్తాడు, పట్టుదలగా అడిగితే తప్పకుండా ఇస్తాడు అని చిన్నప్పుడు అన్నం ముద్దతో పాటు పెట్టాను. ఇప్పుడు అలా కాదమ్మా, ఇవన్నీ ఉత్తినే అని ఏ నోటితో చెప్పను? ఇంకో సంగతి. అది నిజమేనేమో అని నాకూ భయం వేసింది. నిజంగా ఆయన విన్నాడేమో. నా పిల్లని పట్టుకుని లాగుతున్నది నా మాటేనేమో. ఇంటికొచ్చి కుక్కర్ పెట్టాను గానీ విజిల్స్ లెక్క పెట్టుకోలేకపోయాను. అన్నం మెత్తగా అయిపోయింది, మా ఆయన అలాగే తినేశాడు.

కోపం రాలేదని అనను. వచ్చింది. వెయ్యిమంది పిల్లలు దెబ్బలు తగలకుండా ఉండాలని వెయ్యిమంది తల్లులు అడుగుతారు. వాళ్ళెవరి పిల్లలూ మెట్రోలో తల్లిని దోషిలా నిలబెట్టరు. నేను అడిగింది తప్పని ఇవాళ్టికీ అనుకోను. కానీ మర్నాటి నుంచి ప్రార్థనకి మోకరిస్తే నోట మాట రాలేదు. మెల్లగా పరిగెత్తించు అనడానికి భయం. వేగంగా పరిగెత్తించు అనడానికి అంతకన్నా భయం. ఉత్తినే మోకాళ్ళ మీద ఉండి, లేచి, డ్యూటీకి పోయేదాన్ని.

ఆ వారమే గాలి పాడైంది. ఢిల్లీలో చలికాలం ఉన్నదే కదా, పొగ మంచో మంచు పొగో తెలియకుండా ఉంటుంది. గ్రౌండ్లు మూసేశారు. ప్రయాణం దగ్గర పడుతోంది, ప్రాక్టీసుకి చోటు లేదు. కోచ్ మేడమ్ తల పట్టుకుంది. పిల్లకి మిగతా పరుగంతా వచ్చు, కావాల్సింది చివరి ముక్క ఒక్కటే, చివరి హర్డిల్, గీత, గోడ, అంత చోటు చాలు అంది. నోయిడా ఆంటీకి ఎలా తెలిసిందో తెలిసింది, ఫోన్ చేసింది.

"మా బేస్‌మెంట్ పార్కింగ్ ఉందండి. అవతల కొస ఖాళీయే. ఆయ్, సెక్రెటరీ గారితో నేను మాట్లాడతానండి, మీరేం కంగారుపడకండి. పరుపులా? మా ఇంట్లో అతిథుల పరుపులు రెండున్నాయి, జిమ్‌లో ఇంకో రెండున్నాయి. గోడ కావాలన్నారు, గోడకేం తక్కువండి, చుట్టూ గోడలే."

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాం. బేస్‌మెంట్‌లో ట్యూబ్ లైట్లు, దుమ్ము కప్పిన కార్లు, పెట్రోలు వాసన. కొసన గోడకి పరుపుల్ని రెండేసి జోడించి, పక్కపక్కన రెండు జతలుగా నిలబెట్టారు. నిలబెట్టారు గానీ అవి నిలవడం లేదు. గచ్చు నున్నగా ఉండటంతో కింద జారుతున్నాయి. రెండు వైపులా ఒక్కొక్కరు నిలబడి, మధ్యలో సందు పడకుండా కలిపి పట్టుకోవాలి. ఎడమ పరుపు అంచు కోచ్ మేడమ్ పట్టుకుంది. కుడి పరుపుకి ఆంటీ ముందుకొచ్చింది.

"నహీ. మమ్మీ పకడేంగీ" అంది మా అమ్మాయి. మమ్మీయే పట్టుకోవాలి అని.

దాని గొంతులో కోపం లేదు, వేడికోలు లేదు. నేను చున్నీ నడుముకి చుట్టుకుని వెళ్ళాను. చేతులు చాచి పరుపు బయటి అంచు పట్టుకుని, కోచ్ మేడమ్ వైపు నెట్టి పట్టుకోవాలి. నేను గట్టిగా నెడితే సందు ఉండదు. వదిలితే ఉంటుంది. ఇంత చిన్న పని.

జీవితంలో మొదటిసారి నా కూతురు హర్డిల్స్ పరిగెత్తడం ఎదురుగా, కళ్ళారా చూశాను. టీవీలో పక్క నుంచి చూపిస్తారు, అందంగా ఉంటుంది. ఎదురుగా చూస్తే అందం లేదు. దూరంగా చిన్నగా కనబడే మనిషి ఉన్నట్టుండి పెద్దదైపోతుంది. హర్డిల్ పైన కాలు, ఆ కాలు వెనక మొహం, మొహంలో పళ్ళు. బూట్ల చప్పుడు బేస్‌మెంట్ అంతా మోగుతోంది. గీత దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చేశాయి. పరుపు జరిగింది. మధ్యలో గోడ కనబడింది. అది చూసింది. కాళ్ళు తన్నిపట్టి, కీచుమంటూ, పరుపుకి బెత్తెడు దూరంలో ఆగింది.

"ఫిర్ సే" అంది కోచ్ మేడమ్. మళ్ళీ.

రెండోసారీ అంతే. మూడోసారి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే పట్టు ఉంటుందనుకున్నాను. ఈసారి అది చాలా ముందే ఆగిపోయింది. కళ్ళు తెరిచేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తోంది. కోచ్ మేడమ్ నా వైపు తిరిగింది. నన్ను ఏమీ అనకూడదని ఆవిడ ఎంత కష్టపడుతోందో కనబడింది. చివరికి అనేసింది. "దీదీ, వో దీవార్ నహీ దేఖ్ రహీ. ఆప్ కా చెహరా దేఖ్ రహీ హై." అది గోడని చూడటం లేదు. మీ మొహాన్ని చూస్తోంది.

నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. స్ట్రెచర్ మీద వచ్చిన పేషెంట్ల తల్లుల మొహాలు రోజూ చూస్తాను. నేను వాళ్ళని బయట కూర్చోపెట్టి తలుపేస్తాను. వాళ్ళ మొహం చూస్తే పేషెంటు బిగుసుకుపోతాడు, అందుకని. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే. నన్ను మాత్రం ఎవరూ బయట కూర్చోపెట్టలేదు.

ఎక్కడి నుంచి వచ్చిందో కోపం వచ్చింది. దాని మీద, కోచ్ మీద, గోడ మీద, నా మీద. "రావే!" అని అరిచాను. "ఏం చూస్తావే నా మొహం? రా! ఆగావో చంపేస్తాను!" బేస్‌మెంట్‌లో ఎవరి కారో అలారం కూడా మోగిందని ఆంటీ తర్వాత చెప్పింది, నేను వినలేదు. అది వస్తోంది.  ఒంటి బరువంతా వేసి పరుపుని నెట్టి పట్టుకున్నాను. "ఆగకే! ఆగకే! ఆగకే!" అదొక్కటే నా నోటి నుంచి వస్తోంది. గీత దాటింది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. నా కూతురు ఛాతీ వచ్చి పరుపు మధ్యలో పడింది. ఆ దెబ్బ పరుపులోంచి నా చేతుల్లోకి, భుజాల్లోకి, పళ్ళలోకి వచ్చింది. సందు పడలేదు.

ఇద్దరం పరుపుతో సహా కింద కూలబడ్డాం. నేను ముందు దాని మణికట్టు నొక్కి చూశాను. అది నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో ఒకటి. "ఔర్ ఏక్ బార్" అంది. ఇంకోసారి. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు వచ్చి పడిందో! ప్రతిసారీ నాకు అంతే భయం వేసింది, ఒక్క వీసం తగ్గలేదు. భయం తగ్గాక పట్టుకుందాం అనుకుంటే నేను ఇప్పటికీ ఆ బేస్‌మెంట్‌లోనే ఉండేదాన్ని. మర్నాడు వార్డులో డ్రిప్ బాటిల్ తగిలించడానికి చెయ్యి పైకి లేవలేదు.

తర్వాత వారం మా అమ్మాయీ కోచ్ మేడమూ వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో మా ఆయన "ఏం కాదులే" అన్నాడు. ఈసారి రెండుసార్లు అన్నాడు. నేను పచ్చడి సీసా ఇవ్వబోతే కోచ్ మేడమ్ వద్దంది.

పోటీ రోజు నాకు మార్నింగ్ డ్యూటీ. సెలవు పెట్టలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. మొదటి పరుగు మన టైము ప్రకారం మధ్యాహ్నానికి ముందే. ఆ సమయానికి ప్లాస్టర్ రూం ఖాళీగా ఉంది. లోపలికి వెళ్ళి గడియ వేసి, బల్ల మీద పౌడర్ డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టాను. మోకరించాలా అనుకున్నాను. మోకరించి ఏం అడగాలో తెలియలేదు. "నేనేం అడగను ప్రభువా, నీకే తెలుసు" అన్నాను. నిలబడే ఉన్నాను.

లైన్లలో ఎనిమిది మంది. మా అమ్మాయి ఒక చివర. పొడుగైన పిల్లల మధ్య ఇంత చిన్నగా ఉందేమిటి అనిపించింది. కెమెరా ఒక్కొక్కరి మొహం చూపించుకుంటూ వచ్చింది. మా అమ్మాయి దగ్గర అర క్షణం కూడా ఆగలేదు. వంగారు. నిశ్శబ్దం. తుపాకీ. నేను బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. పట్టుకుని నెడుతున్నాను. ఎక్కడికి నెడుతున్నానో, ఎవరికి ఉపయోగమో! మొదటి హర్డిల్, రెండోది, అది మూడో నాలుగో స్థానంలో ఉంది. అయిదోది దిగింది. దాని ఛాతీ చూస్తున్నాను. లేస్తుందా, లేస్తుందా. లేవలేదు. తల ముందుకి వంచి, బాణంలా గీత దాటి, ఫ్రేములోంచి వెళ్ళిపోయింది.

కెమెరా గెలిచిన పిల్ల మీదకి వెళ్ళింది. ఆ పిల్ల పరుపుకి ఆనుకుని నవ్వుతోంది. మా అమ్మాయి ఎక్కడా లేదు. మళ్ళీ స్లో మోషన్‌లో చూపించారు, అదీ గీత దాకానే. గీత తర్వాత ఏమైందో లోకంలో ఎవరికీ అక్కర్లేదు. నాకొక్కదానికే అక్కర. గోడ దగ్గర ఏమైంది? ఎవరూ ఎందుకు చూపించరు? అధికారి ఒకడు ఆ వైపు పరిగెత్తుతున్నట్టు కనబడింది. ఫోన్ చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు. కోచ్ మేడమ్ ఫోన్ స్విచాఫ్. మా ఆయన ఆఫీసు నుంచి చేస్తున్నాడు, కట్ చేశాను. బయట ఎవరో తలుపు కొడుతున్నారు, పేషెంటు వచ్చాడట.  విరిగింది, ఈసారి రెండు చేతులూ విరిగాయి, నేను అరిచి అరిచి పంపాను, ఆగకే ఆగకే అని నేనే పంపాను. ఇదొక్కటే తిరుగుతోంది బుర్రలో.

వీడియో కాల్ వచ్చింది. తెర మీద చెమటలు కక్కుతున్న మొహం. "మమ్మీ, మై రుకీ నహీ!" ఆగలేదు.

"చేతులు చూపించు."

"మమ్మీ సునో తో..."

"చేతులు చూపించవే ముందు! వేళ్ళు కదుపు."

రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ ఆడించింది. నేను గోడకి చేరబడ్డాను. అయిపోయింది అనుకున్నాను. ఏడాది నుంచి మోస్తున్నది దించేశాను, ఇంక ఇంటికొచ్చేస్తుంది, ఎయిర్‌పోర్టుకి ఏ చీర కట్టుకెళ్ళాలి అని కూడా ఆలోచన వచ్చింది.

"ఫైనల్ మే హూఁ మమ్మీ" అంది. "శామ్ కో."

ఫైనల్‌కి వెళ్ళింది. సాయంత్రం మళ్ళీ పరిగెత్తాలి. ఆగిపోయి ఉంటే అక్కడితో ముగిసేది, ఒంటి మీద గీత లేకుండా రేపటికల్లా ఇంట్లో ఉండేది. ఆగలేదు కాబట్టే ఇంకోసారి, ఇంకా వేగంగా వచ్చేవాళ్ళ మధ్య, అదే గోడ మీదకి. ఆగకపోతే ఏమవుతుందో నేను ఇంతకుముందెప్పుడూ ఆలోచించనే లేదు. ఈ సాయంత్రంతో కూడా అయిపోదు. ఇది బాగా పరిగెత్తినన్నాళ్ళూ ఇంకో పరుగుంటుంది.

అది తెరలోంచి నా మొహాన్నే చూస్తోంది. నాకు చచ్చేంత భయంగా ఉంది. మొహం సరిచేసుకున్నాను.

"వెళ్ళు" అన్నాను. "వెళ్ళి ఏమన్నా తిని పడుకో. సాయంత్రం ఆగకు."

సరేనని ఫోన్ పెట్టేసింది. అవతల తలుపు ఇంకా కొడుతూనే ఉన్నారు. వస్తున్నానని గట్టిగా కేకేశాను గానీ, ఆ గచ్చు మీదే కూర్చుండిపోయాను.